రెండు వందల పన్నెండు సంతకాలు

ఇలేషా
1994 మే 11

పిన్నీ,

మోకాళ్ళ మీద నమస్కారం. మీ ఆరోగ్యం, ఇబాదాన్‌లో మనవాళ్ళందరి క్షేమం అడిగాక నా గోడు చెప్పుకోవాలని తెలుసు. ఈసారికి మన్నించండి. తలా తోకా లేకుండా రాస్తున్నాను.

మొయో చేతులు వాచిపోయాయి. ఎనిమిది నెలల పిల్ల. పోయిన గురువారం స్నానం చేయిస్తుంటే వేళ్ళు రెండింతలై, చర్మం బిగుసుకుపోయి నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే కెవ్వున ఏడుపు. అత్తగారు వచ్చి తాటిగింజల నూనె రాసి, "చలిగాలి తగిలిందిలే" అంది. శనివారానికి పాదాలు కూడా పొంగాయి. మిషన్ ఆసుపత్రికి పరిగెత్తాను. అక్కడ డాక్టరమ్మ ఆ వేళ్ళు చూసి, నా మొహం చూసి, "మీ ఇద్దరి రక్తం ఏ రకం?" అని అడిగింది.

"నాది ఏ-ఎస్, మా ఆయనది ఏ-ఏ" అన్నాను.

"అయితే ఇది కాకూడదే" అని గొణుక్కుంటూ పాప రక్తం తీసింది. సోమవారం కాగితం ఇచ్చారు. ఎస్-ఎస్.

కొలాపో సంగతి మీకు తెలుసుగా, టైపు మిషన్లు బాగుచేసే మనిషి, ప్రతి అక్షరం వెలుతురుకి పెట్టి చూస్తాడు. ఆ కాగితాన్నీ అలాగే చూశాడు. లోపలికి వెళ్ళి, పెళ్ళికి ముందు చర్చి పాస్టరు చేత్తో రాసిచ్చిన రక్తం చీటీ తెచ్చి పక్కన పెట్టాడు.

"ఇందులో ఏముంది?"

"ఏ-ఏ."

"ఒక్క ఎస్ కూడా లేని ఏ-ఏ తండ్రికి ఎస్-ఎస్ పిల్ల పుడుతుందా?"

"పుట్టదు. కానీ..."

"నీ నోటితోనే అన్నావు."

నేను అరిచాను, ఏడ్చాను, బైబిలు మీద చెయ్యి పెట్టాను. ఆయన చొక్కాలు సంచిలో కుక్కుకుంటూ, "ఎవడు? ఆ స్కూలు ఇన్‌స్పెక్టరా? నిన్ను సైకిలు మీద దింపుతుంటాడే, వాడేనా?" అని అడిగాడు. పిల్ల నొప్పితో మూలుగుతుంటే తండ్రి ఇన్‌స్పెక్టరు పోలికలు వెతుకుతున్నాడు. వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి కాగితం తప్పై ఉండొచ్చా? తప్పే అయితే మొయోకి వచ్చిందేమిటి? మీరు జీవితమంతా ఈ రక్తాన్నే చదివారు. చెప్పండి.

మీ
అబిడెమి

---

ఇబాదాన్
మే 20

అబిడెమి తల్లీ,

ముందు ఏడుపు ఆపు. నీ ఉత్తరం బస్సు డ్రైవరు తెచ్చిచ్చాడు. వాడి సీటు కింద ఎన్నాళ్ళుందో గాని ఎండుచేపల కంపు కొడుతోంది. అయినా అందులో నీ భర్త మాటల కన్నా ఆ కంపే నయం.

ఆసుపత్రి కాగితం తప్పు కాదు. ఆ వేళ్ళ వాపు కొడవలి కణాల జబ్బుది, నేను వందల పిల్లల్లో చూశాను. ఎర్ర కణం అంటే మెత్తని చిన్న సంచి, గుండుసూది తలంత బొట్టులో లక్షలుంటాయి. ఎంత సన్నని నాళమైనా నడుం వంచి దూరిపోతుంది. ఎస్-ఎస్ బిడ్డ ఒంట్లో ప్రాణవాయువు తగ్గగానే ఆ సంచి లోపలి సరుకు పుల్లల్లా గట్టిపడి, కణం కొడవలిలా వంగి బిగుసుకుంటుంది, సందులో ఇరుక్కుంటుంది. వెనక వచ్చేవాటికి దారి ఉండదు. ఎముక రక్తానికి మొహం వాచి అరుస్తుంది. మొయో ఏడుపు అదే. పుట్టిన ఐదారు నెలల దాకా తల్లి కడుపులో ఉన్నప్పటి రక్తం కాపాడుతుంది, అది తగ్గాక ఈ జబ్బు బయటపడుతుంది. కొందరు పిల్లల్లో ఆ పాత రక్తం ఎందుకు పోకుండా నిలుస్తుందో కనుక్కోవడమే పదకొండేళ్ళుగా నా పని.

మందులు పంపుతున్నాను. పెన్సిలిన్ రోజూ, ఒక్కపూట మానకుండా. ఫోలిక్ మాత్ర పొడిచేసి ఓగీ జావలో కలుపు. మలేరియా మందు వేరే పొట్లంలో ఉంది. నీళ్ళు ఎక్కువ పట్టు. రోజూ పొద్దున ఎడమ పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి చూడు. అక్కడ ప్లీహం ఉబ్బి గట్టిగా తగిలినా, పెదాలు పాలిపోయినా ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి ఎత్తుకుపో.

ఇక నీ గుణం మాట. నీది ఏ-ఎస్ అని నీ పదహారో ఏట నేనే చూశాను. బిడ్డ ఎస్-ఎస్ అంటే రెండో ఎస్ తండ్రిదే. అంటే కొలాపో చీటీ దొంగ చీటీ. అది ఎవరి పనో నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను. మీ పెళ్ళిలో వాళ్ళమ్మ అతన్ని "నాకు మిగిలినవాడు" అని నాకు పరిచయం చేసింది. మిగిలాడంటే పోయినవాళ్ళున్నట్టే కదా! కొడుక్కి పిల్ల దొరకదేమోనని చేతులు తడిపి ఏ-ఏ రాయించుకునే తల్లుల్ని నెలకి ఇద్దర్ని చూస్తాను. పెళ్ళిపందిట్లో కొత్త తలపాగా చుట్టుకుని చిందులేస్తారు. రెండేళ్ళకి అదే తలపాగా నోట్లో కుక్కుకుని మా పరిశోధనశాల వరండాలో ఏడుస్తారు. నాకు వాళ్ళంటే జాలి పోయి చాలాకాలమైంది, మిగిలింది రోత.

వెళ్ళి మొహం మీదే అడుగు. నీళ్ళు నమలకు.

నీ పిన్ని
ఒయెబిసి

---

ఇలేషా
జూన్ 6

పిన్నీ,

మందులు అందాయి. వాపు తగ్గింది. మొయో మళ్ళీ గిలక్కాయ పట్టుకుంటోంది.

మీరు చెప్పినట్టే అడిగాను. అత్తగారి ఇంటికి వెళ్తే కొలాపో గడప దాటనివ్వలేదు. అందుకని బజారుకే వెళ్ళాను. అత్తగారు పొగచేపలు బుట్టలో చుట్టలు చుట్టి పెడుతోంది. పక్కన బెండకాయలామె, ఉప్పులామె, అందరూ ఉన్నారు.

"ఆ చీటీ ఎవరి చేత రాయించావమ్మా?" అన్నాను.

"ఏ చీటీ?"

"నీ కొడుకు రక్తం చీటీ. నీకు పోయిన పిల్లలెందరు? అది దాచి నన్ను కట్టబెట్టావు కదూ?"

ఆవిడ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "ఇద్దరు" అంది. "ఇద్దరు పోయారు. అబికులు వాళ్ళు. పుట్టి, ఏడిపించి, చచ్చి, మళ్ళీ నా కడుపులోకే వచ్చిన దయ్యాలు. దానికీ చీటీకీ ఏం సంబంధం? నాకు అక్షరం ముక్క రాదు. ఏ కాగితం మీద ఏముందో నాకేం తెలుసు? నా కొడుక్కి పుట్టని బిడ్డని నా ఒళ్ళో పడేసింది కాక, నన్ను దొంగంటావా?"

"దొంగవి కాక?" అన్నాను. అవును పిన్నీ, అనేశాను. నా కంటే ముప్పై ఏళ్ళు పెద్దావిడని, నడిబజార్లో. ఉప్పులామె లేచి నా భుజం పట్టి తోసింది. అత్తగారు నా కాళ్ళ ముందు ఉమ్మేసి బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. అప్పటినించి బజారుకి రావడం లేదట.

కొలాపోని రక్తం మళ్ళీ చూపించుకోమని కబురంపాను. "ఎక్కడ? వాళ్ళ పిన్ని దగ్గరా? ఆవిడ తన అక్క కూతురు ఏం రాయమంటే అది రాస్తుంది" అన్నాడట. స్కూల్లో తోటి టీచర్లు నేను వస్తుంటే మాట మారుస్తున్నారు. ఇన్‌స్పెక్టరు నన్ను ఎక్కమనలేక సైకిలు దిగి నడిచి పోతున్నాడు, పాపం.

అత్తగారి మొహం చూశాక నాకు ఒక్కటే అనిపిస్తోంది. అబద్ధం ఆడేవాళ్ళు అలా చూడరేమో.

మీ
అబిడెమి

---

ఇబాదాన్
జూన్ 19

అబిడెమీ,

చూస్తారు. అలాగే చూస్తారు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళు పాతకాలం వాళ్ళు. ఇప్పటివాళ్ళు గుమ్మడికాయ చంకలో పెట్టుకునే నీ కళ్ళలోకి చూస్తారు. నువ్వు మెత్తబడకు.

ఒక పని చెయ్యి. కొలాపో దగ్గరున్నది పాస్టరు చేతిరాత చీటీ. పరీక్ష చేసిన చోటునించి అచ్చు కాగితం ఒకటి చర్చి ఫైల్లో ఉండి తీరాలి. దాని మీద పరీక్ష చేసినవాడి పేరు, సంతకం ఉంటాయి. అది నాకు పంపు. ఆ సంతకం ఎవడిదో తేలాక వాడిని నేను వదలను. చంపినవాడికి కత్తైనా ఉంటుంది, చెయ్యి నెప్పెడుతుంది. వీడు కుర్చీలో కూర్చుని కలం కదిపాడంతే. ఆ చెయ్యి మణికట్టు దాకా నరికినా పాపం లేదు.

ఇక్కడ నా చిరాకులు నాకున్నాయి. వారంలో నాలుగు రోజులు కరెంటు లేదు. రక్తంలో రకాలు విడదీసే యంత్రం కరెంటు లేకపోతే సబ్బుపెట్టెతో సమానం. మా డైరెక్టరు గదిలో మాత్రం కొత్త తెరలు, రెండో ఫ్రిజ్జు. దాన్నిండా బీరు. రోగుల నమూనాలు పెట్టడానికి చోటడిగితే, "వాసనేస్తాయి డాక్టరమ్మా" అని ముక్కు మూసుకున్నాడు. పరిశోధన పేరుతో విదేశీ సంస్థలు ఇచ్చే కారు ఎక్కడానికి మాత్రం ఆ వాసన అడ్డం రాదు.

పెట్రోలు దొరకదని, సమ్మె వస్తుందని అంటున్నారు. పాపను ఎప్పుడు తీసుకొస్తావో ఆలోచించు. పొట్ట తడిమి చూస్తున్నావా?

నీ పిన్ని
ఒయెబిసి

---

ఇలేషా
జులై 15

డాక్టర్ ఒయెబిసి అడెజుమోబి గారికి,

బస్సుల్లేవు. ఈ ఉత్తరం చర్చి తరఫున ఇబాదాన్ వస్తున్న ఒకాయన చేతికిస్తున్నాను.

పాస్టరు ఫైలు తీయడానికి మూడు ఆదివారాలు తిప్పాడు. నిన్న తీశాడు. మీరు అడిగిన అచ్చు కాగితం ఇందులో పెడుతున్నాను. పేరు కొలాపో ఒగున్సాన్య. తేదీ 1992 ఏప్రిల్ 24. రకం ఏ-ఏ. పైన మీ పరిశోధనశాల ముద్ర. కింద పరీక్షించినవారి సంతకం.

నా పుట్టినరోజు కార్డుల మీద ఆ సంతకం పదేళ్ళు చూశాను. ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

చెయ్యి మణికట్టు దాకా అన్నారు.

అబిడెమి ఒగున్సాన్య

---

ఇబాదాన్
ఆగస్టు 2

అబిడెమీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నా మీద నాకే జాలి వచ్చేలా రాసుకుంటున్నాను, చదువుకుని కంపరమెత్తి చింపుతున్నాను. ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తాను.

1992లో మా పరిశోధనకి జబ్బు లేని మనుషుల రక్తం కావలసివచ్చింది, రోగుల రక్తంతో పోల్చడానికి. చర్చిల చుట్టూ తిరిగాం. "మాకు రక్తం ఇవ్వండి, మీ రకం ఏదో ఉచితంగా చెప్తాం" అన్నాం. పెళ్ళీడు వాళ్ళు వరస కట్టారు. నాలుగు ఊళ్ళలో రెండు వందల పన్నెండు మంది. అందులో మీ చర్చి ఒకటని నాకు గుర్తే లేదు. ఊళ్ళ పేర్లు గుర్తుంచుకోవడం నా గుమాస్తా పని అనుకునేదాన్ని.

ఆ వారమే నేను లండన్ సభకి వెళ్ళాలి. ఫలితాలు ఆలస్యమైతే పాస్టర్లు గోల చేస్తారని, వెళ్ళేముందు ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టేశాను. రెండు వందల పన్నెండు. టీ తాగుతూ పెట్టాను. చెయ్యి నెప్పెట్టిందని టెక్నీషియన్ బమిడెలెతో నవ్వుతూ అన్నాను కూడా.

నేను విమానం ఎక్కిన రోజే కరెంటు పోయింది. తొమ్మిది రోజులు రాలేదు. జనరేటరు డీజిలు డైరెక్టరు కూతురి నిశ్చితార్థం పందిరికి తరలిపోయింది. నమూనాలన్నీ చెడి, గొట్టాల్లో నల్లగా కుళ్ళి కంపు కొట్టాయి. పారబోశారు. పారబోశారన్న సంగతి నాకు రెండేళ్ళ తర్వాత, మొన్న, నీ కాగితం పట్టుకుని బమిడెలెని నిలదీస్తే తెలిసింది.

"మరి ఈ ఫలితాలు?" అన్నాను.

"మీరే కదా మేడమ్, నేను వచ్చేసరికి అంతా పూర్తయిపోవాలన్నది."

"పరీక్ష చెయ్యకుండా ఎలా రాశావు?"

"జాబితా చూసి రాశాను. మూడు పేర్లకి ఏ-ఏ, నాలుగో పేరుకి ఏ-ఎస్. ఊరి లెక్క నలుగురిలో ఒకరే కదా మేడమ్. నమ్మేలా ఉండాలని."

కొలాపో పేరు ఆ వరసలో మూడోది. దాని కింద నాలుగో పేరు ఒక అమ్మాయిది. ఆ చీటీ పుణ్యమా అని ఆమె పెళ్ళి తప్పిపోయిందట. ఆమె రక్తం ఎవరూ చూడనేలేదు.

డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన వేరుశనగలు ఒలుచుకుంటూ అంతా విన్నాడు. "అయితే మొత్తమ్మీద శాతం సరిపోయింది కదా?" అన్నాడు. అబిడెమీ, ఆయన నిజంగానే అడిగాడు. "మన వ్యాసానికి దెబ్బ లేదు. మూడు వంతుల మందికి నిజం రాసినట్టే. మిగిలినవాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడు. నువ్వు నోరు మూసుకో, నీ పేరే ముందుంది."

నిజమే, నా పేరే ముందుంది. ఆ లెక్కలతో నేను అచ్చేసిన వ్యాసానికి ఒక పతకం కూడా ఇచ్చారు. రక్తం చూడకుండా రక్తం మీద వ్యాసం. ఆ మనిషిని చూసి ఎంత అసహ్యమేసిందో, గది బయటికి వచ్చి చెయ్యి కడుక్కుంటుంటే అంతకు రెట్టింపు నా మీద వేసింది. తప్పంతా బమిడెలెదని, కరెంటువాళ్ళదని, డీజిలుదని నాలుగు చిత్తుల్లోనూ రాశాను. వాటన్నిటి కిందా ఉన్నది నా సంతకమే.

మీ అత్తగారిని అనమని నేను చెప్పిన మాట నా పాపాల్లో అన్నిటికంటే నీచమైనది. ఆవిడకి అక్షరం రాదని నువ్వు రాసినప్పుడైనా నేను ఆగలేదు.

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకి రాశాను. ఉద్యోగం రెండు మూడు వారాల్లో పోతుంది. ఆ రెండు వందల పన్నెండు మందినీ వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్ష చేస్తాను. కరెంటు అక్కర్లేని పద్ధతి ఒకటుంది. బొట్టు రక్తం గాజుపలక మీద మందుతో కలిపి గాలి తగలకుండా మూస్తే, ఎస్ ఉన్న రక్తంలో కణాలు వంగుతాయి. ఎండ, అద్దం, సూక్ష్మదర్శిని ఉంటే చాలు. అది అప్పుడూ ఉంది. నేను లండన్‌లో ఉన్నాను.

ఈ ఉత్తరం కొలాపోకి చూపించు. నన్ను క్షమించమని అడగడం లేదు.

ఒయెబిసి

---

ఇలేషా
ఆగస్టు 21

డాక్టర్ గారూ,

ఉత్తరం కొలాపోకి చూపించాను. నిలబడే చదివాడు. "మరి నేను..." అన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు. నేను పూర్తి చెయ్యనివ్వలేదు. మీ అబద్ధం ఒక కాగితం మీదుంది. ఆయన అబద్ధం ఆయన నోటిలోంచి వచ్చింది. ఎవరూ ఖాళీ సంతకం పెట్టివ్వలేదు ఆయనకి.

అత్తగారి దగ్గరికి వెళ్ళాను. క్షమాపణ ఇంట్లో అడగలేదు. ఆవిణ్ణి బతిమాలి బజారుకి తీసుకొచ్చి, అదే చోట, ఉప్పులామె చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. "దొంగ నువ్వు కాదమ్మా. మా పిన్ని, నేను" అన్నాను. ఆవిడ "లే, చేపల నీళ్ళలో కూర్చున్నావు" అంది.

మొయోకి పోయిన వారం పెదాలు పాలిపోయాయి. ఎడమ పక్క గట్టిగా తగిలింది. ఆసుపత్రికి ఎత్తుకుపోయాను. రక్తం ఎక్కించారు. మీరు నేర్పిన పనే పిల్లని కాపాడింది, అది దాచను. అందుకు నాకు ఇంకా ఒళ్ళు మండుతోంది. అసహ్యించుకుందామంటే పూర్తిగా అసహ్యించుకోనివ్వరు మీరు.

మీరు ఇలేషా వస్తే చర్చికి రండి, మా గుమ్మానికి రావద్దు.

అబిడెమి

---

ఇలేషా, చర్చి ఆవరణ
అక్టోబరు 9

అబిడెమీ,

నీ ఇంటికి రెండు వీధుల అవతలినించి రాస్తున్నాను. నీ గుమ్మానికి రాను.

ఉద్యోగం పోయింది. సూక్ష్మదర్శిని నా సొంతం, అందుకని మిగిలింది. ఏడు వారాల్లో నూట అరవై మూడు మందిని పట్టుకున్నాను. మొహం మీద తలుపు వేసినవాళ్ళున్నారు. ఇవో అనే ఊళ్ళో ఒకాయన కుండెడు కుడితి నా మీద పోశాడు. తుడుచుకుని సూదితో అతని వేలు పొడిచాను, ఎందుకంటే అతను పోశాక వేలు ఇచ్చాడు. ఏ-ఏ అని రాసిన వాళ్ళలో ముప్పై ఒక్క మందికి ఎస్ ఉంది. వాళ్ళలో ఆరుగురు కట్టుకున్నవాళ్ళకీ ఎస్ ఉంది. పిల్లలు ముగ్గురికి జబ్బు. నాలుగో పిల్ల మార్చిలో పోయింది. పేరు అడిగి రాసుకున్నాను, సిమిసోలా. ఆ చీటీ వల్ల పెళ్ళి తప్పిన నాలుగో పేరమ్మాయిని కూడా చూశాను. శుభ్రమైన ఏ-ఏ. "ఇప్పుడు చెప్తున్నారా? నన్ను వద్దన్నాయనకి పిల్లాడు కూడా పుట్టాడు" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఇంకా నన్ను వదల్లేదు.

ఈ పొద్దున మీ అత్తగారు వచ్చారు. నీకు చెప్పి రాలేదనుకుంటాను. చర్చి మెట్ల దగ్గర బల్ల వేసుకుని ఉన్నాను. వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"నువ్వేనా ఆ డాక్టరువి?"

"అవునమ్మా."

"నన్ను దొంగన్నది నువ్వేనా?"

"నేనే."

"మొహం చూద్దామని వచ్చాను" అని నిజంగానే కాసేపు చూశారు. నేను తల దించలేదు, దించే హక్కు నాకు లేదనిపించింది. తర్వాత వేలు చాపారు. "నాదీ చూడు."

బొట్టు తీసి, మందు కలిపి, మూసి పెట్టాను. తర్వాత అద్దం ఎండకి తిప్పి, ఆవిణ్ణే చూడమన్నాను. ఒక కన్ను మూయడం రాక అరచేత్తో మూసుకున్నారు.

"వంకరగా ఉన్నవేంటి?"

"అవేనమ్మా. మీలో ఉన్నా మిమ్మల్ని ఏమీ చెయ్యవు. తల్లినించీ తండ్రినించీ రెండు వైపులా వస్తేనే బిడ్డకి జబ్బు."

"నా ఇద్దరికీ ఇదేనా?"

"వాళ్ళ రక్తం నేను చూడలేదు. చూడకుండా ఇంక ఏదీ చెప్పను. కానీ చేతులు వాచేవా?"

ఆవిడ కన్ను ఎత్తలేదు. "రెండోవాడు పోయినప్పుడు, మళ్ళీ పుడితే గుర్తుపడదామని మావాళ్ళు వాడి చిటికెన వేలు కోశారు. చెయ్యి నేనే పట్టుకున్నాను. తిట్టాను కూడా, ఇంక నా కడుపులోకి రాకురా అని. వాడు దయ్యం కాదా అయితే? నొప్పితో ఏడ్చిన పిల్లాడేనా?"

"పిల్లాడే అమ్మా."

"ఇంత చిన్నదా" అన్నారు ఆ గాజుపలక చూపించి. "ఇంత చిన్నదాని కోసమా?" లేచి, పక్కకి వెళ్ళి, గోడవారన వాంతి చేసుకున్నారు. నీళ్ళిచ్చాను. పుక్కిలించి, తలగుడ్డ సర్దుకుని, "మీ చదువుకున్నవాళ్ళు ముప్పై ఏళ్ళు ఎక్కడ చచ్చారు?" అన్నారు.

ఆవిణ్ణి కాస్త చూసుకో.

ఒయెబిసి

---

ఇలేషా
అక్టోబరు 28

పిన్నీ,

అత్తగారు ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. వచ్చిన రోజు ఏమీ చెప్పలేదు. మొయోని ఒళ్ళో వేసుకుని ఒక్కో వేలూ విప్పి చూసింది. మర్నాడు పోయిన ఇద్దరి పేర్లూ చెప్పింది. ఈ ఇంట్లో ఆ పేర్లు ఎవరూ ఎప్పుడూ పలకలేదు. మందుల వేళలు నా కంటే ఆవిడకే బాగా గుర్తుంటున్నాయి.

కొలాపో పరీక్షకి మీ దగ్గరికి వచ్చాడని విన్నాను. ఏ-ఎస్ అని తేలాక మా గుమ్మం ముందు బోర్లా సాగిలపడ్డాడు, వీధంతా చూస్తుండగా. అత్తగారు వాకిట్లో చేపలు తోముతూ తల ఎత్తలేదు. లెమ్మన్నాను. లోపలికి రమ్మనలేదు. ఆదివారాలు వచ్చి మొయోని ఎత్తుకుని పోతున్నాడు, సాయంత్రానికి తెస్తున్నాడు. అంతవరకే. ఒకే మంచం మీద పడుకోవాలంటే ఆ ఇన్‌స్పెక్టరు మాట నా చెవిలో మెదులుతోంది. అది పోతుందో లేదో నాకు తెలియదు. తొందర కూడా లేదు.

మీ మీద కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. మీరు కుడితి తుడుచుకుని వేలు పొడిచారని చదివినప్పుడు "బాగా అయింది" అనుకున్నాను. తర్వాత ఏడ్చాను. రెండూ రాస్తున్నాను.

మన అకిన్లొలుకి సంబంధం కుదిరింది. పిల్లది ఓండో ఊరు. వచ్చే శుక్రవారం తమ్ముణ్ణీ ఆ అమ్మాయినీ ఇబాదాన్ తీసుకొస్తున్నాను, మొయోని కూడా. మీ వరండాలో బల్ల వేసుకుని చూస్తున్నారటగా. ఇద్దరి వేళ్ళూ మీరే పొడవండి. మీ చెయ్యి తేలికని నాకు చిన్నప్పటినించి తెలుసు. కాగితం మాత్రం మీరు రాయవద్దు. మందు కలిపాక నన్ను ఆ సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టండి. వంగినవేవో, వంగనివేవో పక్కన నిలబడి నేర్పండి. ఎంతసేపైనా సరే చూస్తాను.

చూసినది నేనే రాస్తాను. కింద నా సంతకం పెడతాను.

అబిడెమి